భద్రుడి ఒంటి మీద రాముడి గుడి

భద్రాచలంలో మెట్లెక్కేటప్పుడు మన చూపంతా పైనున్న గోపురం మీదే ఉంటుంది. కాళ్ల కింది గుట్టను ఎవరం పట్టించుకోం. ఈ గుడి తీరు తెలియాలంటే మాత్రం గుట్ట దగ్గరే మొదలుపెట్టాలి.

మేరువు కొడుకు భద్రుడు తపస్సు చేసి కొండగా మారాడని, రాముణ్ణి తన మీద నిలవమని వరం కోరాడని స్థలపురాణం. అచలమంటే కొండ కాబట్టి ఊరికీ ఆ పేరే వచ్చింది. గుడి లోపలి భద్రుడి సన్నిధి అతని తల అనీ, స్వామి కొలువైన గర్భాలయం నడుమనీ, రాజగోపురం పాదాలనీ ఇక్కడ చెబుతారు. అంటే మెట్లెక్కే భక్తుడు భద్రుడి పాదాల నుంచి తల వైపు నడుస్తున్నట్టే.

మూలవిరాట్టు రూపానికి కారణం కూడా ఈ వరమే. సీతను వెతికి వచ్చాక నీ కోరిక తీరుస్తానని రాముడు మాట ఇచ్చాడట. అది తీరకుండానే అవతారం ముగిసింది. ఆ మాట కోసం వైకుంఠం నుంచి మళ్లీ వచ్చాడు కాబట్టి శంఖచక్రాలూ ఉన్నాయి, విల్లంబులూ ఉన్నాయి. నాలుగు చేతులతో, ఎడమ తొడపై సీతమ్మతో కూర్చున్న ఈ స్వామి వైకుంఠ రాముడు.

పుట్టలో ఉన్న విగ్రహాలను మొదట చూసింది భద్రిరెడ్డిపాలెం గిరిజన స్త్రీ పోకల దమ్మక్క అంటారు. ఆమె పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టేదట. రాతిగుడి కంటే ముందున్న ఆ పందిరిని మనం మరవకూడదు.

రాతిగుడి కట్టించింది కంచర్ల గోపన్న. నేలకొండపల్లివాడు, అక్కన్న మాదన్నల మేనల్లుడు, 1672లో గోల్కొండ గద్దెనెక్కిన తానీషా కొలువులో పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ము గుడికి ఖర్చుపెట్టాడని పన్నెండేళ్లు చెరలో వేశారని చెప్పుకుంటాం. అక్కడ ఆయన పాడిన ‘ఇక్ష్వాకుల తిలక’ కీర్తన నాకైతే గుడి జమాఖర్చుల పుస్తకంలా వినిపిస్తుంది. ప్రాకారానికి పదివేల వరహాలైందని అందులో లెక్క చెబుతాడు. గోపురాలు, మండపాలు, సీతమ్మ చింతాకు పతకం, స్వామి కలికితురాయి అన్నీ వరసగా ఏకరువు పెడతాడు. కడుపు మండిన భక్తుడి పాటే అయినా, ఏమేం కట్టారో, ఏమేం చేయించారో మనకు తెలిపే సాక్ష్యం కూడా అదే.

విమానం పైన సుదర్శన చక్రం ఉంటుంది. అది గోదావరిలో గోపన్నకు దొరికిందని నమ్మకం. ఆ తరవాత పంతొమ్మిదో శతాబ్దంలో తూము లక్ష్మీనరసింహదాసు, వరద రామదాసు నిత్యసేవలను మళ్లీ గాడిన పెట్టారు. నవమినాడు కల్యాణం గుడిలో కాక కింద మిథిలా ప్రాంగణంలోని రాతి మండపంలో జరుగుతుంది. గులాలు కలిపిన ముత్యాల తలంబ్రాలు పడేది అక్కడే.

గుట్ట విలువ గోదారి పొంగినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది. ఇక్కడ నీటిమట్టం 53 అడుగులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జులైలో 71.3 అడుగులు వచ్చింది. రెండుసార్లూ పల్లపు వీధులు మునిగాయి. స్వామి మాత్రం భద్రుడి నడుము మీద, నీటికి అందనంత ఎత్తులో ఉన్నాడు.