పాత కారు గుండె చప్పుడు : కామ్‌షాఫ్టు, టాపెట్ల అరుగుదలను నివారించే విధానం

ప్రభుత్వ రంగ సంస్థ అనగానే ఒకప్పుడు ప్రధాన ద్వారం, సైరన్ మోత, వాటితోపాటు వాకిట్లో నిలిచి ఉండే తెల్లని అంబాసిడర్ కారు కళ్ళముందు మెదిలేవి. ఉత్తరపాడా కర్మాగారంలో ఆ కారు ఉత్పత్తి 2014 మే నెలలో ఆగిపోయింది. అయినా ఘాజియాబాద్ కాలనీలలో, ఇళ్ళ వెనుక రేకుల షెడ్లలో, గుడ్డ కప్పుకొని ఇంకా కొన్ని అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు ఉన్నాయి. ఒకరికి అది తండ్రి కొనిపెట్టిన బండి; మరొకరికి తాము డ్రైవింగ్ నేర్చుకున్న బండి. వాటిని భద్రంగా కాపాడుకోదలచిన ఉద్యోగ మిత్రుల కోసం, వారి కుటుంబ సభ్యుల కోసం ఈ వ్యాసం ఉద్దేశించబడింది.

పాత బండి ఇంజిన్‌ను కాపాడుకోవలసిన అవసరం మునుపటికంటె నేడు ఎక్కువైంది. రాజధాని ప్రాంతంలో 15 ఏళ్ళు దాటిన పెట్రోలు బండ్లు, 10 ఏళ్ళు దాటిన డీజిల్ బండ్లు తిరగరాదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో ఆదేశించింది. ఆ తరువాత ఆంక్షలలో మార్పులు వస్తూనే ఉన్నాయి. కనుక బండిని రోడ్డుమీదికి తీసే ముందు రవాణా కార్యాలయంలో తాజా నిబంధనను తెలుసుకోవడం శ్రేయస్కరం. ఇక 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజి వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషను విధానాన్ని ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగ్గ మార్పులు జరగకుండా అసలు రూపంలోనే ఉండాలి. అంటే అసలు ఇంజిన్ పాడైనప్పుడు దానిని తీసివేసి మరొక రకం ఇంజిన్ బిగించే అలవాటు ఇప్పుడు చాలా ఖరీదైన పొరపాటు కాగలదు. పోయేది ఇంజిన్ ఒక్కటే కాదు, బండికి రాదగిన గౌరవం కూడా.

అరుగుదల ఎక్కడ, ఎందుకు?

అంబాసిడర్‌లో చిరకాలం వాడిన 1489 సి.సి. ఇంజిన్‌లోను, పద్మినిలోని 1089 సి.సి. ఇంజిన్‌లోను కామ్‌షాఫ్టు బ్లాకు లోపలే ఉంటుంది. దానిమీద కోడిగుడ్డు ఆకారంలో ఉబ్బులు ఉంటాయి, వీటిని లోబులంటారు. ఒక్కొక్క లోబు తన మీద కూర్చున్న టాపెట్‌ను పైకి నెడుతుంది. టాపెట్ పుష్‌రాడ్‌ను, పుష్‌రాడ్ రాకర్‌ను కదిలిస్తే వాల్వు తెరుచుకుంటుంది. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు, ఎనిమిది లోబులు, ఎనిమిది టాపెట్లు.

క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే కామ్‌షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్ల వేగంతో నడిస్తే ఒక్కొక్క లోబు తన టాపెట్‌ను నిమిషానికి 1500 సార్లు నెడుతుంది. అదే వేగంతో గంటసేపు ప్రయాణిస్తే 90,000 సార్లు! పైగా ఆ రెండూ తాకే చోటు సన్నని గీతంత మాత్రమే. వాల్వు స్ప్రింగు బలమంతా ఆ గీతమీదే పడుతుంది. అంతటి ఒత్తిడిలో నూనె పొర నిలవడం కష్టం.

ఈ చిక్కును తయారీదారులు ఒక చిన్న ఉపాయంతో తేలిక చేశారు. టాపెట్ అడుగు భాగం చదునుగా కనిపించినా నిజానికి అతి స్వల్పంగా ఉబ్బెత్తుగా ఉంటుంది. లోబు కూడా ఒక పక్కకు కొద్దిగా వాలి ఉంటుంది. దానివల్ల టాపెట్ లేచి దిగుతూనే తన చుట్టూ తాను తిరుగుతుంది. అందుచేత ఒరిపిడి ఒకేచోట పడక అడుగు భాగమంతటికీ పంచుకోబడుతుంది. ఏ కారణం చేతనైనా టాపెట్ తిరగడం ఆగిపోతే లోబు దానిని ఒకేచోట గీస్తుంది. పైనున్న గట్టి పొర తొలగిందంటే లోపలి మెత్తని లోహం కొద్ది కాలంలోనే హరించుకుపోతుంది.

నూనెలో దాగిన రక్షణ

లోహాలు రెండూ దాదాపు తాకుతున్న చోట కాపాడేది నూనె చిక్కదనం ఒక్కటే కాదు, అందులో కలిపే రసాయనం కూడా. జింకు, భాస్వరం, గంధకం గల ఈ పదార్థాన్ని జెడ్.డి.డి.పి. అంటారు. 1940ల నుండి ఇది వాడుకలో ఉంది. ఒరిపిడికి, వేడికి ఇది విడిపోయి లోహంమీద కంటికి కనిపించని గాజువంటి పొరగా ఏర్పడుతుంది. అరిగేది ఆ పొరే. అది మళ్ళీ మళ్ళీ ఏర్పడుతూ ఉంటుంది.

అయితే భాస్వరం కొత్త కార్ల సైలెన్సరు మార్గంలోని కాటలిటిక్ కన్వర్టరుకు హాని చేస్తుంది. మన దేశంలో 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరాలలో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్లు వచ్చాయి. ప్రపంచమంతటా నూనెలలో భాస్వరం మోతాదును క్రమంగా తగ్గించారు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ 1996లో తెచ్చిన ఎస్.జె. శ్రేణిలో పలుచని నూనెలకు 0.10 శాతం, 2004 నాటి ఎస్.ఎం. శ్రేణిలో 0.08 శాతం గరిష్ఠ పరిమితి విధించారు. కనుక షెల్ఫులో అన్నిటికంటె ఖరీదైన, కొత్త కార్లకు ఉద్దేశించిన పలుచని నూనె మన పాత ఇంజిన్‌కు అన్నిటికంటె మంచిదని భావించరాదు.

ఆ పరిమితి 20డబ్ల్యు-50 వంటి చిక్కని నూనెలకు వర్తించదు. మన వేడి దేశంలో పాత పెట్రోలు కార్లకు అదే అలవాటైన నూనె కావడం అదృష్టమే. కొనేటప్పుడు జింకు, భాస్వరం ఎంత ఉన్నాయో కంపెనీ సమాచార పత్రంలో చూడాలి. భాస్వరం 0.10 నుండి 0.12 శాతం వరకు ఉంటే చాలు. విడిగా అమ్మే జింకు సీసాలను ఇష్టం వచ్చినట్లు కుమ్మరించవద్దు. మోతాదు మించితే మందైనా విషమే.

ఇక్కడ ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. సీసం లేని పెట్రోలు వల్ల కామ్‌షాఫ్టు అరుగుతుందని కొందరంటారు. సీసం కాపాడినది వాల్వులు కూర్చునే సీట్లను; కామ్‌షాఫ్టుతో దానికి సంబంధం లేదు.

కొత్తవి అమర్చేటప్పుడు

విడిభాగాల కోసం మనవారు సాధారణంగా దిల్లీ కాశ్మీరీ గేటు బజారుకు వెళ్తారు. టాపెట్లు కొనేటప్పుడు రెండింటిని అడుగుకు అడుగు ఆనించి పట్టుకోండి. ఉబ్బెత్తుగా ఉంటే అవి ఒకదానిమీద ఒకటి కాస్త అటూ ఇటూ ఊగుతాయి. ఊగక అతుక్కున్నట్లు నిలిస్తే వాటిని తీసుకోవద్దు.

కొత్త కామ్‌షాఫ్టుకు పాత టాపెట్లు ఎన్నడూ వేయరాదు. ఒకరి కాలికి అలవాటైన చెప్పు మరొకరి కాలిని కరిచినట్లే, పాత లోబుతో ఒరిసిన టాపెట్ కొత్త లోబును తినివేస్తుంది. పాతవాటినే తిరిగి వాడదలిస్తే విప్పేటప్పుడే వరుస సంఖ్యలు వేసి, దేనిచోట దానినే పెట్టాలి. నూనె రాసిన టాపెట్ తన బరువుతోనే రంధ్రంలోకి దిగాలి, వేలితో తిప్పితే తిరగాలి. లోబులకు, టాపెట్ల అడుగుకు మాలిబ్డినం డైసల్ఫైడు పేస్టు పూయాలి. పుస్తకంలో చెప్పినదానికంటె బలమైన స్ప్రింగులు వేయవద్దు.

స్టార్టు చేయడానికి ముందు స్పార్కు ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషరు కనిపించే వరకు ఇంజిన్‌ను తిప్పాలి. రేడియేటరులో నీరు, కార్బురేటరులో పెట్రోలు, ఇగ్నిషన్ టైమింగు ముందే సరిచూసుకోవాలి. ఇంజిన్ అందుకోగానే ఐడిల్‌లో వదలక, 20 నిమిషాలపాటు 2000 చుట్ల ప్రాంతంలో వేగాన్ని కొద్దిగా హెచ్చిస్తూ తగ్గిస్తూ నడపాలి. కారణం రెండు విధాలు. లోబులకు నూనె ప్రధానంగా క్రాంక్‌షాఫ్టు చిమ్మే తుంపరల ద్వారానే అందుతుంది; ఐడిల్‌లో ఆ తుంపర తక్కువ. పైగా మెల్లగా తిరిగేటప్పుడే లోబు కొనమీద స్ప్రింగు భారం పూర్తిగా పడుతుంది. ఇంజిన్ వేడెక్కిపోతే ఆపవచ్చు. మళ్ళీ స్టార్టు చేయగానే అదే వేగానికి తీసుకురావాలి. అనంతరం నూనెను, ఫిల్టరును మార్చాలి.

నిత్య జాగ్రత్తలు

ఘాజియాబాద్ జనవరి పొగమంచులో అనేకులు బండిని స్టార్టు చేసి, చోకు లాగి, టీ తాగి వచ్చే వరకు వదిలివేస్తారు. ఇది మంచి అలవాటు కాదు. అదనపు పెట్రోలు సంపులోకి జారి నూనెను పలుచన చేస్తుంది. ప్రెషరు రాగానే మెల్లగా బయలుదేరి, వీలైనంత త్వరగా చోకు మూయాలి. కిలోమీటరు దూరంలోని మార్కెట్టుకు పోయి రావడం కంటె, అనుమతి ఉన్నప్పుడు ఇంజిన్ పూర్తిగా వేడెక్కేటంత దూరం నడపడం మేలు. అప్పుడే నూనెలో చేరిన తేమ ఆవిరైపోతుంది.

నెలల తరబడి నిలిపి ఉంచితే లోబులపై నూనె జారిపోయి తుప్పు పడుతుంది. ఆ తుప్పు గుంటలే అరుగుదలకు బీజాలు. నిలిపే ముందు కొత్త నూనె పోయాలి. తిరిగి తీసేటప్పుడు ప్లగ్గులు విప్పి ముందుగా ప్రెషరు తెప్పించాలి. మన ప్రాంతపు దుమ్మును దృష్టిలో ఉంచుకొని ఎయిర్ క్లీనరును తరచు శుభ్రపరచాలి. బండి తక్కువ తిరిగినా ఏడాదికి ఒకసారి, ఎక్కువ తిరిగితే 3000 కిలోమీటర్లకు ఒకసారి నూనె మార్చడం మంచిది.

ముందే తెలిపే గుర్తులు

వాల్వు క్లియరెన్సు సరిచేసిన కొద్ది రోజులకే ఒకే వాల్వు వద్ద మళ్ళీ మళ్ళీ పెరుగుతూ ఉంటే అనుమానించాలి. సర్దినా ఆగని టకటక శబ్దం, ఒక సిలిండరు బలహీనపడటం, కార్బురేటరు గుండా వెనుకకు తుమ్మినట్లు రావడం కూడా సూచనలే. రాకర్ కవరు తీసి డయల్ గేజితో ఎనిమిది పుష్‌రాడ్లు ఎంతెంత లేస్తున్నాయో కొలిస్తే సందేహం తీరుతుంది. తోటి వాటికంటె ఒకటి స్పష్టంగా తక్కువ లేస్తే ఆ లోబు అరిగిందన్నమాట. అప్పుడు క్లియరెన్సు బిగించి శబ్దాన్ని అణచి తిరగడం జ్వరానికి చలువ గుడ్డ కప్పడం వంటిది. ఈలోగా రాలిన లోహపు పొడి నూనెతో కలిసి బేరింగులనూ చెరుపుతుంది.

కర్మాగారాలలో యంత్రాల నివారణ నిర్వహణ గురించి మనం రోజూ వింటూనే ఉంటాము. చెడిన తరువాత బాగుచేయడం కంటె చెడకుండా చూడటం చవక అన్న ఆ సూత్రం ఇంటి షెడ్డులోని బండికీ వర్తిస్తుంది. తగిన నూనె, ఏడాదికొకసారి దాని మార్పిడి, వాల్వు శబ్దంపై కాస్త శ్రద్ధ – ఇవి ఉంటే తండ్రి నడిపిన ఇంజిన్‌నే మన పిల్లలు కూడా నడపగలరు.