పేరు అంగన్‌వాడీలో, పిల్ల ఎల్‌కేజీలో

అంగన్‌వాడీలకు పిల్లలు రావడం లేదన్న మాట కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు వినిపిస్తుంది. రానిది ఎవరు, వస్తున్నది ఎవరు అని లెక్క తీయకుండా కేంద్రమే అక్కర్లేదనడం తొందరపాటు. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైన సమీకృత శిశు అభివృద్ధి సేవల పథకం (ఐసీడీఎస్) కింద ప్రతి కేంద్రం గర్భిణులు, బాలింతలు, ఆరేళ్లలోపు పిల్లలు అందరి పేర్లూ రాసుకుంటుంది. వీరిలో చాప మీద కూర్చుని ఆటపాటలు నేర్చుకునేది మూడేళ్లు దాటిన వాళ్లే. వాళ్లలోనూ కొందరు మూడు నిండగానే కాన్వెంటు నర్సరీకి, ఐదు నిండగానే ఒకటో తరగతికి వెళ్లిపోతారు. రెండు వైపులా తరుగు పోయాక మిగిలే బడి ఎలాగూ చిన్నదే. రిజిస్టరులోని పేర్లకూ ఎదురుగా కూర్చున్న పిల్లలకూ పొంతన కుదరడం లేదంటే అది టీచరు తప్పే కానక్కర్లేదు.

వ్యాను ఫీజు కట్టగలిగిన ఇల్లు ముందు కాన్వెంటు వైపు కదులుతుంది. ప్రొద్దుటూరులో మగ్గం నేసే ఇల్లు, జమ్మలమడుగు దగ్గర నాపరాళ్ల గనికి పోయే ఇల్లు, పులివెందుల అరటి తోటలో గెలలు మోసే ఇల్లు అంత తేలిగ్గా కదల్లేవు. అక్కడ పొద్దున్నే పనికెళ్లే తల్లికి అంగన్‌వాడీ అంటే బడి ఒక్కటే కాదు. బిడ్డకు మధ్యాహ్నం అన్నం, గుడ్డు, కనిపెట్టుకునే ఒక మనిషి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లకైతే తెలుగు తొలిసారి నాలుకమీదికి వచ్చేది అక్కడే కావచ్చు. సంఖ్య తగ్గేకొద్దీ మిగిలేది కేంద్రం అవసరం ఎక్కువున్న పిల్లలే.

తల్లిదండ్రులే వద్దనుకుంటే ప్రభుత్వం ఎందుకు నడపాలి అంటారు. ఇంగ్లిషు కావాలన్న వాళ్ల కోరిక న్యాయమైనదే. కానీ ఒకే టీచరు బరువులు తూచి, సరుకు పంచి, ఫోనులో పోషణ్ ట్రాకర్ యాప్ నింపి, మిగిలిన వేళలో పాఠం చెప్పాలంటే కాన్వెంటుతో పోటీ ఎలా పడుతుంది? పక్క కేంద్రంలో కలిపేస్తే ఖర్చు తగ్గుతుందనేది ఇంకో వాదన. మూడేళ్ల పిల్ల మెయిన్ రోడ్డు దాటలేదు. పనికిపోయే తల్లి రోజూ దింపి రాలేదు. పైగా విద్యాహక్కు చట్టం కల్పించే హక్కు ఆరేళ్ల నుంచే. అంతకన్నా చిన్నపిల్లల చదువుకు ప్రభుత్వం ఏర్పాట్లు చేయవచ్చని మాత్రమే 11వ సెక్షను చెబుతుంది. కేంద్రం ఎత్తేస్తే చదువు కావాలని కోర్టుకెళ్లి అడగడానికి ఆ చట్టంలో ఆ పిల్లలకు గట్టి ఆధారం లేదు.

అందుకే అధికారులకు ఒక్క విన్నపం. ఏ కేంద్రాన్నయినా కలిపే ముందు ఆ వీధిలో ఇంటింటికీ వెళ్లి పిల్లల వయసు, ఇంటి భాష, తల్లి చేసే పని, ఆమె ఇంటికి తిరిగొచ్చే వేళ రాసుకోండి. ఆ కాగితం చూశాకే సంతకం చేయండి.