చర్చిలో రాజకీయాలెందుకు అంటారా?



మొన్న శుక్రవారం మెసయిమీర్‌లో ఆరాధన అయ్యాక ముషైరిబ్ వచ్చి టీ తాగుతూ కూర్చున్నాం. రెడ్, గ్రీన్, గోల్డ్ మెట్రో లైన్లు మూడూ కలిసేది అక్కడే కదా, ఎవరి దారి వాళ్లు పట్టేముందు మా కబుర్లన్నీ అక్కడే. ఏలూరు వైపు నుంచి వచ్చిన ఓ చెల్లి అడిగింది: "అక్కా, మా తమ్ముడి కొడుక్కి కాలేజీ అడ్మిషన్. కుల సర్టిఫికెట్ ఎస్సీ అని తీసుకోవాలా, బీసీ-సి అనా? పాస్టరుగారిని అడిగితే 'చర్చిలో రాజకీయాలొద్దమ్మా' అన్నారట."

ఈ ప్రశ్న మీలో చాలామంది ఇళ్లలో ఉంది. కాకపోతే పైకి అనుకోం.

ఒక్క పేరా తెచ్చిన చిక్కు

1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో మూడో పేరా ఉంది. హిందువు కానివాళ్లు ఎస్సీలు కారని దాని సారం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లకు బీసీ-సి కింద 1 శాతమే రిజర్వేషన్. ఎస్సీలకు 15 శాతం. అందుకే ఎన్నో ఇళ్లలో చర్చిలో పేరొకటి, స్కూలు రిజిస్టర్లో పేరింకొకటి.

ఇది చదువుతో ఆగదు. క్రైస్తవంలోకి మారిన వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పిచ్చింది. మరి ఊళ్లో మనల్ని ఏ మతం అని అడుగుతారా, ఏ పేట అని అడుగుతారా? మీకు తెలియంది కాదు.

చర్చి మాట్లాడలేదా?

మాట్లాడింది. 1985 జూలైలో కారంచేడులో దళితులను చంపినప్పుడు, ప్రాణాలరచేత పట్టుకుని చీరాల చేరినవాళ్లకు తలదాచుకోను చోటిచ్చింది చర్చి ఆవరణే. ఆ మూడో పేరా మీద 2004లో వ్యాజ్యం సుప్రీంకోర్టుకెక్కింది. దాన్ని తీసేయాలని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ సిఫారసు చేసింది. కేథలిక్, ప్రొటెస్టెంట్ సంఘాలు కలిసి ఏటా ఆగస్టు 10న నిరసన దినం పాటిస్తున్నాయి. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది.

అయితే మన ఇల్లూ చూసుకోవాలి. చర్చి లోపల కులవివక్ష ఉందని భారత కేథలిక్ బిషప్పులే 2016లో ఒక విధాన పత్రంలో ఒప్పుకున్నారు. కర్నూలు బిషప్‌గా పనిచేసిన పూల ఆంథోనీ గారు 2022లో కార్డినల్ అయ్యారు. ఆ స్థానానికి వెళ్లిన మొదటి దళితుడు ఆయనే. సంతోషమే, కానీ ఇన్నేళ్లు ఎందుకు పట్టిందో కూడా అడగాలి కదా. ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుని, పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి "మనవాళ్లేనా?" అని ఆరా తీసేది మనమే.

నేననేది ఒక్కటే. ఫలానా పార్టీకి ఓటేయమని మైకులో చెప్పడం వేరు, అన్యాయాన్ని అన్యాయం అనడం వేరు. మొదటిది పాస్టరుగారి పని కాదు, రెండోది తప్పకుండా ఆయన పనే. క్రిస్మస్‌కి కేకు కోయడానికి వచ్చే నాయకుణ్ణి ఫొటో అడిగేముందు ఆ మూడో పేరా సంగతి అడగాలి.

ఇక్కడ మనం ఏం చేయగలం?

ఇది మన దేశం కాదు, రాజకీయాలు మనకి తగవు. నిజమే. కానీ ముషైరిబ్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరంలో బిన్ జెల్మూద్ హౌస్ ఉంది, వీలైతే చూడండి. బానిసత్వం గురించిన మ్యూజియం అది. ఖతర్‌లో బానిసత్వాన్ని 1952లో రద్దు చేశారు. తన పాత చరిత్రను ఈ దేశమే అలా తెరిచి పెట్టినప్పుడు, మన చర్చి సంగతి మనం మాట్లాడుకోవడానికి భయమెందుకు?

ఇళ్లలో పనిచేసే మన చెల్లెళ్లకు 2017 చట్టం రోజుకి 10 గంటలకు మించని పని, వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఇచ్చింది. శుక్రవారం ఆరాధనకు రాని చెల్లిని "భక్తి తగ్గింది" అనేముందు, సెలవిచ్చారో లేదో కనుక్కోండి. కష్టం ఉంటే ఎంబసీకో, ఐసీబీఎఫ్‌కో తోడు వెళ్లండి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు ఫారం 6ఎ తో ఊళ్లో ఓటరుగా చేరొచ్చు. ఓటు మాత్రం అక్కడికి వెళ్లే వేయాలి.

ఆ చెల్లికి నేను చెప్పింది ఇది: "తప్పుడు సర్టిఫికెట్ అని తేలితే రద్దు చేసి, కేసు పెట్టే చట్టం 1993 నుంచే ఉంది. పిల్లాడి చదువు మధ్యలో ఆ భయం వద్దు. ఇంటి రికార్డులు పట్టుకుని తమ్ముణ్ణి ఒక మంచి లాయరు దగ్గరికి పంపు. పాస్టరుగార్ని కూడా వదలొద్దు, మళ్లీ అడగమను."

ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీరూ అడగండి, మన చర్చిలో ఈ మాట ఎప్పుడైనా వచ్చిందా అని. ఏమన్నారో గ్రూపులో రాయండి.