డిస్కు పోయినా... జ్ఞాపకం పోకూడదు!

పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, పొలం కాగితాల నకళ్లు... అన్నీ ఇప్పుడు కంప్యూటర్లోనే. వాటిని దాచడానికి ఇంట్లోనే ఓ చిన్న సర్వర్ పెట్టుకునేవాళ్లు పెరుగుతున్నారు. అక్కడే ఎదురవుతుంది అసలు ప్రశ్న: రెయిడ్ కార్డు కొనాలా? కొంటే ఎలాంటిది?

పలకకి పెట్టింది పేరు మార్కాపురం. దేశంలో ఎన్నో బళ్లలో పిల్లలు అఆలు దిద్దింది ఇక్కడి రాతిపలక మీదే. పలక మీద అక్షరానికి ఆయుష్షు తడిగుడ్డ తగిలేవరకే. అఆలైతే మళ్లీ రాసుకుంటాం. మరి తాతయ్య షష్టిపూర్తి వీడియో? దాన్ని మళ్లీ తీయగలమా?

పడమటి ప్రకాశంలో చాలా ఇళ్లకి పిల్లలు దూరంగానే ఉంటారు. హైదరాబాద్‌లో ఒకరు, బెంగళూరులో ఒకరు, అమెరికాలో ఇంకొకరు. పండక్కి అందరూ కలిసిన ఆ నాలుగు రోజులే ఫొటోలై మిగులుతాయి. అవన్నీ బీరువాలో ఉన్న ఒకే ఒక్క హార్డ్ డిస్కులో ఉంటాయి. అది చేయిజారి కిందపడితే అంతే సంగతులు. గూగుల్ ఫొటోస్‌లో ఎన్నయినా ఉచితంగా దాచుకునే వీలు 2021 జూన్ 1తో ముగిసింది. పైగా వీడియోల సైజు చూస్తే కళ్లు తిరుగుతాయి. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీసే 4కె వీడియో గంటకు 45 గిగాబైట్లు. రెండు కెమెరాలు పదేసి గంటలు తిరిగిన పెళ్లంటే దాదాపు ఒక టెరాబైటు!

అందుకే పాత కంప్యూటర్లో నాలుగు డిస్కులు బిగించి ‘ఇంటి సర్వర్’ తయారుచేస్తున్నారు, ఫొటో స్టూడియోలవాళ్లూ కంప్యూటర్ తెలిసిన కుర్రాళ్లూ.

దాడి కాదు, రక్షణే!

రెయిడ్ అనగానే ఆదాయపన్ను వాళ్లు గుర్తొస్తారు. ఇది ఆ రెయిడ్ కాదు. 1988లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కట్జ్ ఓ పరిశోధన పత్రం రాశారు. ఖరీదైన పెద్ద డిస్కు ఒకటి కొనే బదులు చవకైన చిన్న డిస్కులు కొన్నింటిని జట్టుగా వాడొచ్చనీ, వాటిలో ఒకటి చెడినా సమాచారం పోకుండా చూడొచ్చనీ అందులో చెప్పారు. ఆ జట్టు పేరే రెయిడ్.

ఎలాగంటారా? మూడు డిస్కుల్లో 12, 30, 25 అని మూడు అంకెలు రాశారనుకోండి. నాలుగోదాంట్లో వాటి మొత్తం 67 రాస్తారు. రెండో డిస్కు పోయింది. ఏం ఫర్వాలేదు, 67 నుంచి 12, 25 తీసేస్తే పోయిన 30 దొరుకుతుంది. యంత్రం చేసే లెక్క కాస్త వేరుగా ఉన్నా సూత్రం మాత్రం ఇదే. దీన్నే ‘రెయిడ్ 5’ అంటారు. అందులో 4 టెరాబైట్ల డిస్కులు నాలుగు పెడితే మనకి దక్కేది 12 టెరాబైట్లు. ‘రెయిడ్ 6’లో రెండు డిస్కులు పోయినా తట్టుకుంటుంది, కానీ దక్కేది 8 టెరాబైట్లే. ఒకదాంట్లో రాసింది అచ్చుగుద్దినట్టు ఇంకోదాంట్లోనూ రాసేది ‘రెయిడ్ 1’. ఇద్దరు గుమస్తాలు ఒకే చిట్టా రాసినట్టన్నమాట. ఇక ‘రెయిడ్ 0’లో వేగమే తప్ప రక్షణ లేదు. ఇంటి జ్ఞాపకాలకు దాని జోలికి పోకపోవడమే మంచిది.

ఈ లెక్కలు ఎవరు చెయ్యాలి?

మూడు దారులున్నాయి. మొదటిది, ఈ పని కోసమే ప్రత్యేకంగా చిప్పు, మెమరీ ఉన్న కార్డు. అసలైన హార్డ్‌వేర్ రెయిడ్ అంటే ఇదే. విండోస్‌కు ఆ జట్టంతా ఒకే డిస్కులా కనిపిస్తుంది. రెండోది, లినక్స్ లాంటి సాఫ్ట్‌వేరే ఆ లెక్కలు చేసుకోవడం. మూడోదాంతోనే జాగ్రత్త! మదర్‌బోర్డు డబ్బా మీద ‘రెయిడ్ సపోర్ట్’ అని ఉంటుంది. అది చాలావరకు పేరుకే హార్డ్‌వేర్. లెక్కలు చేసేది డ్రైవరే. బోర్డు పోతే మళ్లీ అలాంటి బోర్డే వెతుక్కోవాల్సి రావచ్చు.

కట్ట ఎత్తు పెంచినట్టు...

ఇంటి సర్వర్‌కు కావాల్సిన ముఖ్య గుణం పెరగడం. ఈ ఏడాది నాలుగు డిస్కులు, రెండేళ్లకు ఐదోది. కంభం చెరువులో నీళ్లుండగానే కట్ట ఎత్తు పెంచడం ఎంత కష్టమో ఊహించండి. డిస్కుల జట్టుకు ఇంకోటి చేర్చడమూ అలాంటిదే. ఉన్న సమాచారాన్నంతా ఐదు డిస్కులకీ మళ్లీ సర్దాలి. దీనికి రోజు పట్టొచ్చు, అంతకన్నా ఎక్కువే పట్టొచ్చు. కాబట్టి ‘ఆన్‌లైన్ కెపాసిటీ ఎక్స్‌పాన్షన్’ అనే సదుపాయం కార్డులో ఉందో లేదో ముందే చూసుకోవాలి. పని మొదలుపెట్టే ముందు విడిగా ఓ కాపీ తీసిపెట్టుకోవడం తప్పనిసరి.

కార్డు పేరు చివర ‘8ఐ’ అని ఉంటే లోపల నేరుగా ఎనిమిది డిస్కులు తగిలించొచ్చని అర్థం. ఇవ్వాళ నాలుగే ఉన్నా ఎనిమిది పట్టే కార్డు తీసుకోవడం తెలివైన పని. సైజులు కలపొద్దు. 4 టెరాబైట్ల డిస్కుల మధ్య 8 టెరాబైట్లది పెట్టినా రెయిడ్ 5లో దాన్నీ నాలుగుగానే లెక్కేస్తారు. పాత తరం కార్డులు కొన్ని 2 టెరాబైట్లకు మించిన డిస్కుని పూర్తిగా గుర్తించవు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని తెచ్చుకుంటే అక్కడే దెబ్బతింటాం.

కరెంటూ, ఎండా, దుమ్మూ

నగరాల్లోని సర్వర్ గదులకు లేని కష్టాలు మూడు మనకున్నాయి. మొదటిది కరెంటు. మన పాత లెక్కలో రెండో డిస్కులోని 30ని 40గా మార్చారు. మొత్తాన్ని 77గా దిద్దేలోపు కరెంటు పోయింది. రేపు ఇంకో డిస్కు చెడితే తీసివేత తప్పొస్తుంది! దానికితోడు, వేగం కోసం కార్డు కొంత సమాచారాన్ని ముందు తన మెమరీలో ఉంచుకుని తర్వాత తీరిగ్గా డిస్కులో రాస్తుంది. కరెంటు పోతే అదీ పోతుంది. అందుకే మంచి కార్డులకు బ్యాటరీ ఉంటుంది. కరెంటు వచ్చేదాకా ఆ మెమరీని అది కాపాడుతుంది. కొత్తరకాల్లో బ్యాటరీ బదులు కెపాసిటర్ ఉంటుంది. కరెంటు పోగానే మెమరీలోది ఫ్లాష్ చిప్పులోకి ఎక్కించేస్తుంది. బ్యాటరీ వేడికి త్వరగా ముసలిదవుతుంది, కొన్నేళ్లకోసారి మార్చాలి. కాబట్టి వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్లకి కెపాసిటర్ రకమే నయం. రెండూ లేని కార్డయితే ‘రైట్ బ్యాక్’ ఆపేసి, ‘రైట్ త్రూ’ పెట్టుకోవాలి. వేగం తగ్గినా ఫర్వాలేదు.

ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అంటారేమో. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటులోనే కంప్యూటరు ఆగిపోవచ్చు. విడిగా యూపీఎస్ ఉండాలి. దాన్ని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కు కలిపితే ఛార్జింగ్ అయిపోయేలోపు సర్వర్ తనంతట తనే పద్ధతిగా ఆగిపోయేలా చేయొచ్చు.

రెండోది ఎండ. రెయిడ్ కార్డులు పెద్ద సర్వర్లలో హోరుమని వీచే గాలికి తగ్గట్టు తయారవుతాయి. ఇంటి పీసీలో ఆ గాలి ఉండదు, చిప్పు కాలిపోతూ ఉంటుంది. కార్డుకి ఎదురుగా చిన్న ఫ్యాను బిగించడం ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. మూడోది దుమ్ము. పలకలు కోసే మిషన్ల దగ్గర్లో ఇల్లుంటే చెప్పనే అక్కర్లేదు. నెలకోసారి బ్లోయర్‌తో శుభ్రం చేయాలి.

ఇంటిపేరు మారిన కార్డులు

డిస్కు పోతే కొత్తది పెడతాం. మరి కార్డే పోతే? డిస్కుల్లో సమాచారం భద్రంగానే ఉంటుంది. కానీ దాన్ని ఏ వరసలో రాసిందో ఆ కార్డుకీ, దాని వంశానికీ మాత్రమే తెలుస్తుంది. వేరే కంపెనీ కార్డు పెడితే చదవలేకపోవచ్చు. అదే కార్డు ఐదారేళ్ల తర్వాత దొరుకుతుందా? ఈ కంపెనీల చరిత్ర చూడండి. ఒకప్పుడు పేరున్న త్రీవేర్‌ని 2009లో ఎల్‌ఎస్‌ఐ కొంది. ఎల్‌ఎస్‌ఐని 2014లో అవాగో కొంది. 2016లో అవాగో తన పేరునే బ్రాడ్‌కామ్‌గా మార్చుకుంది. అడాప్టెక్ రెయిడ్ కార్డుల వ్యాపారమూ చేతులు మారుతూ 2018లో మైక్రోచిప్ దగ్గరికి చేరింది. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినట్టు మారిపోయాయి అన్నీ. మార్కాపురంలోనో గిద్దలూరులోనో ఇలాంటి కార్డు దొరకడం కష్టం. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట వెతకాలి, లేదా ఆన్‌లైన్లో తెప్పించుకుని ఎదురుచూడాలి. కాబట్టి హార్డ్‌వేర్ రెయిడ్ అంటే ఒక కార్డు ఖర్చు కాదు, రెండు కార్డుల ఖర్చు. రెండోది బీరువాలో ఉండాల్సిందే.

సాఫ్ట్‌వేర్ రెయిడ్‌తో ఈ బెడద తక్కువ. డిస్కుల్ని తీసి లినక్స్ ఉన్న ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే జట్టుని గుర్తుపడుతుంది. లినక్స్ రెయిడ్‌కు డిస్కులు చేర్చుకునే వీలు ఎప్పట్నుంచో ఉంది. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే పేరున్న పద్ధతిలోనూ ఒక్కొక్క డిస్కు చేర్చుకునే వీలు 2025 జనవరిలో వచ్చిన ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ 2.3తో వచ్చేసింది. దానికి రెయిడ్ కార్డు కాదు, డిస్కుల్ని ఉన్నవి ఉన్నట్టు కంప్యూటర్‌కు చూపించే హెచ్‌బీఏ అనే మామూలు కార్డు చాలు.

మరి ఏది కొనాలి? మామూలు కుటుంబానికి రెండు డిస్కుల రెయిడ్ 1 సరిపోతుంది. దానికి కార్డే అక్కర్లేదు. డిస్కులు పెంచుకుంటూ పోవాలనుకునేవాళ్లకి హెచ్‌బీఏ, సాఫ్ట్‌వేర్ రెయిడ్. విండోస్ మీదే రాత్రింబవళ్లు ఎడిటింగ్ చేసే స్టూడియోలకి మాత్రం కెపాసిటర్ ఉన్న అసలైన రెయిడ్ కార్డు, పక్కన దాని జత.

జట్టు ఉంది కదా అని...

పెద్ద డిస్కులతో రెయిడ్ 5 నమ్మకం కాదు. 8 టెరాబైట్ల డిస్కు చెడి కొత్తది పెడితే, సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో రాసినా దాన్ని నింపడానికి 15 గంటలు. అప్పటిదాకా మిగతావి ఆపకుండా పనిచేయాలి. ఆలోపు ఇంకోటి మొరాయిస్తే అంతా పోయినట్టే. పెద్ద డిస్కులైతే రెయిడ్ 6 మేలు.

అంతకన్నా ముఖ్యమైన మాట... రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున ఫోల్డర్ తుడిచేస్తే అది అన్ని డిస్కుల్లోంచీ క్షణంలో పోతుంది. 1998లో పిక్సర్ స్టూడియోలో ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లు చాలావరకు ఒకే ఒక్క తప్పు ఆదేశంతో మాయమయ్యాయి. బ్యాకప్ చూస్తే అదీ సరిగా లేదు. పసిబిడ్డ ఉండటంతో ఇంటినుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ ఇంట్లోని కంప్యూటర్లో ఉన్న కాపీయే ఆ సినిమాని కాపాడింది. అంత పెద్ద సంస్థకే దిక్కయింది వేరే ఇంట్లో ఉన్న కాపీ! మనకు మాత్రం మేనత్త ఇల్లో, హైదరాబాద్‌లో అబ్బాయి గదో లేకపోలేదు. పండక్కి వచ్చినప్పుడల్లా ఓ డిస్కు నింపి ఇచ్చి పంపండి. అరిసెల డబ్బా పక్కనే పడుతుంది.

కొనేముందు అడగండి!

* కార్డులో బ్యాటరీ ఉందా, కెపాసిటరా? బ్యాటరీ అయితే ఎప్పటిది, కొత్తది దొరుకుతుందా?

* డేటా చెరపకుండా డిస్కులు పెంచుకోవచ్చా? మొత్తం ఎన్ని పడతాయి?

* నా మదర్‌బోర్డులో ఆ కార్డు పట్టే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఖాళీగా ఉందా?

* కార్డుతోపాటు డిస్కులకు కలిపే తీగలు ఇస్తారా?

* డిస్కులు రెయిడ్‌కు తగినవేనా? మామూలు డిస్కు చదవలేని చోట చాలాసేపు ప్రయత్నిస్తుంది. అది చెడిపోయిందనుకుని కార్డు దాన్ని జట్టులోంచి తప్పించేస్తుంది.

* అది ఎస్‌ఎంఆర్ రకం డిస్కా? ఇవి తిరగరాయడంలో బాగా నెమ్మది. ఇంటి సర్వర్ల కోసమని అమ్మిన డిస్కుల్లోనూ కొన్ని ఆ రకమేనని 2020లో వెస్ట్రన్ డిజిటల్ ఒప్పుకుంది.

* డిస్కు చెడితే కార్డు బీప్‌మంటుందా, మెయిల్ పంపుతుందా? ఒకటి చెడిన సంగతి తెలియక రెండోది చెడేదాకా వాడేస్తే రెయిడ్ ఉండీ లేనట్టే.