లేపే జాకీ, మోసే స్టాండు

నిర్మల్ పట్టణానికి రైలు లేదు. రైలెక్కాలంటే బాసర దాకానో, నిజామాబాద్ దాకానో పోవాలి. ఊరికి వచ్చేదంతా టైర్ల మీదే వస్తుంది, పోయేదంతా టైర్ల మీదే పోతుంది. అటు నాగ్‌పూర్‌ను, ఇటు హైదరాబాద్‌ను కలిపే 44వ నంబరు జాతీయ రహదారి, పాతవాళ్ల నోట ఇప్పటికీ 7వ నంబరు, ఇక్కడి నుంచే సాగుతుంది. అందుకే పంక్చర్ షాపుల్లో, మెకానిక్ షెడ్లలో, లారీ సీట్ల వెనకాల, ఎక్కడ చూసినా జాకీ కనబడుతుంది. ఈ మధ్య అది ఇళ్లలోకీ వచ్చింది. సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కున్నవాళ్లు ఫోన్లో వీడియోలు చూసి ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేసుకోవడం సొంతంగా నేర్చుకుంటున్నారు. మంచి అలవాటు. తన బండి లోపల ఏముందో తెలిసినవాడు దాన్ని పైలంగా నడుపుతాడు. అయితే కారు కిందికి దూరే ముందు, దాన్ని ఎత్తిన పనిముట్టు ఏ పని కోసం పుట్టిందో కూడా తెలిసి ఉండాలి.

ఎడ్లబండ్ల కాలంలో ఈ పనికి యంత్రం లేదు. చక్రం ఊడదీసి ఇరుసుకు కందెన పెట్టాలంటే, ఇద్దరు భుజం ఆనించి బండిని లేపేవాళ్లు, ఇంకొకరు ఇరుసు కింద మొద్దు దూర్చేవాళ్లు. లేపింది మనుషులు, మోసింది మొద్దు. పనంతా అయ్యేదాకా భుజం మీదే మోద్దామని ఎవరూ అనుకోలేదు. జాకీ వచ్చాక మనం మరచిపోయింది సరిగ్గా ఈ సంగతినే.

జాకీ కథ నీళ్లతో మొదలైంది. ఫ్రాన్సులో బ్లేజ్ పాస్కల్ అనే గణితవేత్త, మూసిన పాత్రలోని ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని గుర్తించాడు. ఆ సంగతి రాసిన పుస్తకం 1663లో, ఆయన పోయిన మరుసటి ఏడాది, అచ్చయింది. సన్నటి గొట్టంలో కొద్దిగా నొక్కితే, దానికి కలిపిన లావు గొట్టంలో పెద్ద బరువు లేస్తుందని ఆ సూత్రం చెబుతుంది. కానీ దాన్ని పనిలో పెట్టే యంత్రం రావడానికి నూటముప్పై ఏళ్లు పట్టింది. 1795లో లండన్ తాళాల తయారీదారు జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంట్ తీసుకున్నాడు.

ఆయనకు ఎదురైన చిక్కు నేటి జాకీకీ ఉంది: లీకేజీ. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ పిస్టన్ అంచుల నుంచి నీళ్లు చిమ్మేవి. బిగుతుగా చుడితే పిస్టన్ కదలదు, వదులు చేస్తే నీళ్లు ఆగవు. దీన్ని తీర్చినవాడు బ్రామా దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే అని చెబుతారు. అంచు వంచిన తోలు పట్టీని పిస్టన్ చుట్టూ అమర్చాడు. ద్రవం నొక్కేకొద్దీ తోలు అంచు విచ్చుకుని గోడకు మరింత గట్టిగా అతుక్కుంటుంది, ఒత్తిడి తగ్గితే వదులవుతుంది. లీకు చేసే ఒత్తిడితోనే లీకును ఆపించిన ఈ ఆలోచన నాకు పాస్కల్ సూత్రం కంటే తక్కువదనిపించదు. నేటి జాకీల్లో తోలు స్థానంలో రబ్బరు ఉంది. ఓ-రింగ్ అనే గుండ్రటి రబ్బరు సీలుకు డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ నీల్స్ క్రిస్టెన్సెన్ 1939లో పేటెంట్ పొందాడు.

జాకీ చరిత్రలో అందరూ చదవాల్సిన ఘట్టం మాత్రం 1849లో వేల్స్ దేశంలో జరిగింది. మెనాయ్ జలసంధి మీద బ్రిటానియా రైలు వంతెన కడుతున్నారు. రైలు లోపలి నుంచి పోయేంత పెద్ద ఇనుప గొట్టాలు, ఒక్కోటి పదిహేను వందల టన్నులకు పైనే. వాటిని నీళ్ల మీద తేల్చి తెచ్చి, స్తంభాల పైన పెట్టిన హైడ్రాలిక్ ప్రెస్సులతో గొలుసులు కట్టి ఎత్తుతున్నారు. ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్సన్ ఒక ఆజ్ఞ ఇచ్చాడు: గొట్టం అంగుళం లేస్తే, కింద ఆ అంగుళం ఖాళీని చెక్కలతో నింపాలి, వెనకే తాపీ కట్టుబడి కట్టుకుంటూ రావాలి. పని ఆలస్యమవుతుంది. ప్రెస్సు బాగానే ఎత్తుతున్నప్పుడు ఇదెందుకు అని అడగడానికి అవకాశమూ ఉంది. ఆగస్టులో ఒకరోజు, గొట్టం లేస్తుండగా, ప్రెస్సు సిలిండర్ అడుగు పగిలి ఊడిపడింది. ఆ ఇనుప ముక్క తగిలి ఒక కార్మికుడు ప్రాణాలు కోల్పోయాడు. గొట్టం మాత్రం కొన్ని అంగుళాలే జారి, కింద పేర్చినదాని మీద ఆగింది. అది లేకపోతే గొట్టం, దాంతోపాటు వంతెన పనీ నాశనమయ్యేవి. ఆ కాలంలో అంతకంటే శక్తిగల ప్రెస్సు అరుదు. స్టీఫెన్సన్ దాన్ని ఎత్తడానికి నమ్మాడు, మోయడానికి నమ్మలేదు.

రెండేళ్లకు, 1851లో, న్యూయార్క్‌లో రిచర్డ్ డడ్జన్ అనే స్కాట్లాండ్ వలస మెకానిక్, మనిషి చేత్తో పట్టుకుపోగల హైడ్రాలిక్ జాకీకి పేటెంట్ పొందాడు. మన లారీల్లో ఉండే బాటిల్ జాకీ దాని వారసుడే.

దాని బలం ఎక్కడిదో ఒక చిన్న లెక్క చూపిస్తుంది. పంపు పిస్టన్ వ్యాసం 1 సెంటీమీటరు, ఎత్తే రాడ్డు వ్యాసం 3 సెంటీమీటర్లు అనుకుందాం. వైశాల్యం 9 రెట్లు. హ్యాండిల్ పొడవు వల్ల ఇంకో 15 రెట్లు. మొత్తం 135. చేత్తో 10 కిలోల బలం వేస్తే అవతల 1350 కిలోలు లేస్తాయి, రాపిడిలో పోయేది కొంత తీసేస్తే. ప్రకృతి దీన్ని ఊరికే ఇవ్వదు. హ్యాండిల్ 30 సెంటీమీటర్లు దిగితే బండి లేచేది రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. 900 కిలోల చిన్న కారులో ఇంజన్ ముందుంటుంది కాబట్టి, ఒక ముందు చక్రం మీద పడేది 250 నుంచి 300 కిలోలు. జాకీకి అది లెక్కే కాదు.

ఎత్తిన తర్వాత సంగతి వేరు. హ్యాండిల్ ఆపిన క్షణం నుంచి ఆ 300 కిలోలను ఆపుతున్నది ఒక రబ్బరు సీలు, ఒక చిన్న ఉక్కు గోళీ వాల్వు, చేత్తో తిప్పే ఒక రిలీజ్ వాల్వు. గోళీ కింద ఇసుక రేణువంత చెత్త చేరితే చాలు, ఆయిల్ వెనక్కి పాకుతుంది. బయట చుక్క కూడా కారదు, బండి మాత్రం దిగుతుంటుంది. ముసలి సీలు చెప్పకుండానే తెగుతుంది.

కారుతో వచ్చే కత్తెర జాకీలో ఆయిల్ లేదు, స్క్రూ ఉంది. మనం వేసే శ్రమలో సగానికి పైగా మరల రాపిడిలోనే పోతుంది. నష్టంగా కనిపించే ఆ రాపిడే స్క్రూ వెనక్కి తిరగకుండా పట్టి ఉంచుతుంది. అందుకని కత్తెర జాకీ దానంతటది దిగదు. దాని బలహీనత పక్కకు ఒరగడం. అడుగు చిన్నది, ఎత్తు ఎక్కువ. బండి రెండంగుళాలు ముందుకో వెనక్కో కదిలితే పడిపోతుంది.

బండి కదలదని ఎందుకనుకుంటాం? గేరులో పెట్టాం, హ్యాండ్ బ్రేక్ వేశాం కాబట్టి. ఇక్కడే ఒక మోసం ఉంది. మన చిన్న కార్లలో చాలావాటికి ఇంజన్ తిప్పేది ముందు చక్రాలను. ఒక ముందు చక్రం గాల్లోకి లేపితే, డిఫరెన్షియల్ పుణ్యమా అని ఆ చక్రం ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, నేల మీదున్న రెండో చక్రానికి గేరు పట్టు పోతుంది. హ్యాండ్ బ్రేక్ సాధారణంగా వెనక చక్రాలకు. ఒక వెనక చక్రం లేపితే బ్రేకు పట్టు ఒక్క చక్రానికే మిగులుతుంది. అందుకే లేపే చక్రానికి ఎదురు మూలనున్న చక్రానికి ముందూ వెనకా రెండు వైపులా దిమ్మలు బిగించాలి. ఘాట్ రోడ్డు మీద టైరు పేలితే లారీ క్లీనర్ జాకీ తీయక ముందే చక్రం కింద రాయి పెడతాడు. ఆ క్రమం సరైనది.

తర్వాత నేల. నిర్మల్ నుంచి భైంసా వైపు పోతే అంతా నల్లరేగడి. వానాకాలంలో దాని మీద జాకీ పెడితే, బండి లేవకుండా జాకీయే కిందికి దిగుతుంది. లారీ డ్రైవర్లు మందపాటి పలక వేసి బరువును పరుస్తారు. ఎండాకాలంలో మెత్తబడ్డ తారులోకీ ఎత్తిన బండి కింద పెట్టే స్టాండు కాళ్లు దిగబడతాయి. ఇళ్ల దగ్గర ఇంకో తంటా. వాకిట్లో మోరీ, మోరీ మీద బండ, అక్కడి నుంచి లోపలికి ఏటవాలు ర్యాంపు. ర్యాంపు మీద కారు ఎత్తకూడదు. మోరీ బండ మీద జాకీ అసలే పెట్టకూడదు. కింద ఖాళీ ఉన్న షాబాదు బండ పరిచినంత మేరా మనిషిని మోస్తుంది, ఒక్క బిందువు మీద పడ్డ కారు బరువుకు ఫట్టున పగులుతుంది. సమంగా ఉన్న గట్టి కాంక్రీటు నేల దొరకకపోతే ఆ పని షెడ్డుకు తీసుకుపోవడమే మేలు.

ఇక మోసే పనికి స్టాండు. దీంట్లో ఆయిల్ లేదు, సీలు లేదు, వాల్వు లేదు. మూడు నాలుగు కాళ్ల ఉక్కు చట్రం, పైకి లాగే పళ్ల కడ్డీ, ఆ పళ్లలో పడే నాలుక లేదా అడ్డంగా దూర్చే పిన్ను. తయారీ సరిగ్గా లేకపోతే ఇదీ ప్రమాదమే. 2020లో అమెరికాలో లక్షల స్టాండ్లను వెనక్కి పిలిపించారు, నాలుక పళ్లలో పూర్తిగా కూర్చోవడం లేదని. అందుకే నాలుక పూర్తిగా పడిందో లేదో కంటితో చూడాలి, రెండో కాపుగా పిన్ను కూడా ఉండే రకమైతే ఇంకా నయం. మీద రాసిన టన్నులు ఒక్కోదానికా, జతకా అన్నదీ చదవాలి.

స్టాండు ఉక్కు ఎలాంటిదన్నది కూడా ముఖ్యమే. నిర్మల్‌కు గోదావరి అవతల కోనసముద్రంలో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని 1820ల్లో అక్కడికి వెళ్లిన హెన్రీ వోయ్‌సీ రాశాడు. కత్తులకు పేరుపడ్డ ఆ ఊట్జ్ రకం ఉక్కులో కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. పదును నిలుస్తుంది, కానీ పెళుసు. స్టాండుకు కావలసింది దానికి విరుద్ధం: కార్బన్ తక్కువున్న మెత్తటి ఉక్కు. బరువు మీరితే అది విరిగే ముందు వంగుతుంది, వంగడం కంటికి కనబడుతుంది. ఇటుక, సిమెంటు దిమ్మ ఆ హెచ్చరిక ఇవ్వవు. స్టీఫెన్సన్ తాపీ కట్టుబడి నిలిచింది కదా అంటే, అది అడుగంతా పరిచి కట్టిన గోడ. ఉక్కు అంచు కింద నిలబెట్టిన ఒంటి ఇటుక దానికి సాటి రాదు. చెక్క వాడేవాళ్లు టేకో, తుమ్మో వాడాలి. నిర్మల్ బొమ్మలకు ప్రాణం పోసే పొనికి కర్ర తేలికైనది, చెక్కడానికి మెత్తటిది. కారు కింద మాత్రం నలిగిపోతుంది.

కారు కంపెనీలు డిక్కీలో జాకీ, పానా పెట్టి ఇస్తాయి, స్టాండు ఇవ్వవు. ఆ జాకీ రోడ్డు పక్కన టైరు మార్చుకోవడానికి మాత్రమే, కిందికి ఎవరూ దూరరన్న లెక్కతో ఇచ్చింది. ఆ సంగతి మాన్యువల్‌లో రాసే ఉంటుంది. మాన్యువల్ తీసి చదివేవాళ్లు తక్కువ కాబట్టి, జాకీ మీదనే పెద్ద అక్షరాలతో, తెలుగులో రాయాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇంటి దగ్గర పని చేసేవాళ్లు ట్రాలీ జాకీ వాడితే దాని చక్రాలు కదలడానికి చోటు వదలాలి. బండి ఒక వైపు లేచినప్పుడు నిటారుగా లేవదు, వంపులో లేస్తుంది, జాకీ దానితోపాటు జరగాలి. మాన్యువల్ చూపిన గట్టి చోట్ల కింద స్టాండ్లు పెట్టి, జాకీ నెమ్మదిగా దించి, బరువంతా స్టాండ్ల మీదికి వచ్చాక, చేత్తో బండిని పక్కల నుంచి బాగా నెట్టి చూడాలి. కదిలేదుంటే అప్పుడే కదలాలి, మనిషి కింద లేనప్పుడు. ఊడదీసిన చక్రాన్ని బండి అంచు కింద పడుకోబెడితే అది ఇంకో కాపు.

పని అయ్యాక కింద పానాలు, డబ్బాలు, ముఖ్యంగా పిల్లలు లేరని చూసి, జాకీతో కొంచెం ఎత్తి స్టాండ్లు తీయాలి. రిలీజ్ వాల్వు ఒకేసారి విప్పకుండా కొద్దికొద్దిగా తిప్పాలి. నట్లను బండి గాల్లో ఉండగా చేతి బిగువుకే వదిలి, చక్రం నేలను తాకాక ఎదురెదురుగా బిగించాలి. జాకీ రాడ్డు పూర్తిగా లోపలికి దింపి దాచితే దాని మీద తుప్పు, దుమ్ము చేరవు, సీలు మరికొన్నేళ్లు పనిచేస్తుంది.