శస్త్రచికిత్స పిమ్మట శ్వాససాధన

మా పినతండ్రిగారు మూత్రపిండపు మార్పిడి చేయించుకొని నందిగామలోని ఇంటికి వచ్చినప్పుడు, చూడవచ్చిన వారందరును ఒకే మాట చెప్పిరి: “కదలవద్దు, గట్టిగా ఊపిరి తీయవద్దు, కుట్లు తెగును.” వారిది ప్రేమయే. కాని కొద్ది దినములలోనే రొమ్మున కఫము పేరుకొని, జ్వరము వచ్చి, ఆయనను మరల ఆసుపత్రికి కొనిపోవలసివచ్చెను. అక్కడ నేను నేర్చినదే నేడు మనవి చేయుచున్నాను.

అవయవ మార్పిడి మనకు దూరపు సంగతి కాదు. 1954లో బోస్టను నగరమున డాక్టరు జోసెఫ్ మరే ఒక కవలసోదరుని మూత్రపిండమును రెండవవానికి అమర్చి జయము గాంచెను. మన దేశమున 1971లో వెల్లూరులో ఈ చికిత్స ఫలించెను. మన మెట్టసీమలో ఎ. కొండూరు తండాలను మూత్రపిండవ్యాధి ఎంత పీడించినదో మీరెరుగుదురు.

మత్తుమందు ప్రభావమున ఊపిరితిత్తుల అడుగుభాగము సరిగా విచ్చుకొనదు. నొప్పికి వెరచి రోగి పైపైన ఊపిరి తీయును. ముడుచుకొన్న చోట కఫము నిలుచును. శరీరము కొత్త అవయవమును పరాయిదని త్రోసివేయకుండుటకై ఇచ్చు మందులు రోగనిరోధకశక్తిని తగ్గించును. కావున మనకు దగ్గుతో పోవు జబ్బు వారికి ప్రాణాపాయము కావచ్చును.

సాధన సులభము. తలవైపు దిండ్లు ఎత్తుగా వేసి, మోకాళ్ళు కొద్దిగా ముడిచి, గాయమునకు తగులకుండ పొట్టపై చేయి ఉంచవలెను. ముక్కుతో మెల్లగా గాలి పీల్చినప్పుడు ఆ చేయి పైకి లేవవలెను. రెండు మూడు లెక్కించునంత నిలిపి, దీపము కదలవలెను గాని ఆరరాదన్నట్లు పెదవులతో సన్నగా ఊదవలెను. మెలకువగా ఉన్నప్పుడు గంటకొకమారు ఐదు నుండి పది ఊపిరులు చాలును. తల తిరిగినచో ఆపవలెను. దగ్గునప్పుడు దిండును గాయముపై అదిమిపట్టవలెను. ఆసుపత్రివారు మూడు బంతుల గొట్టము ఇచ్చినచో దానిని పీల్చవలెను, ఊదరాదు.

నిద్రపట్టనివారికి 1929లో జేకబ్సన్ అను వైద్యుడు గ్రంథముగా వ్రాసిన పద్ధతి కలదు: పాదములు మొదలు ముఖము వరకు ఒక్కొక్క కండను బిగించి, మెల్లగా వదలుట. గాయము మానువరకు పొట్టకండలను మాత్రము బిగింపరాదు.

ప్రాణాయామ మెరిగిన పెద్దలకు ఒక విన్నపము. కపాలభాతి, భస్త్రిక, దీర్ఘకుంభకము డాక్టరు అనుమతి లేక చెప్పవద్దు. శ్వాససాధన మందులకు బదులు కాదు. వేళ తప్పక మందు వేసికొననిచో కొత్త అవయవమే చెడవచ్చును. జగ్గయ్యపేట సిమెంటు దుమ్మునకు, మిరపకల్లములకు రోగి దూరముగా ఉండవలెను. జ్వరముగాని ఆయాసముగాని వచ్చినచో ఆనాడే ఆసుపత్రికి పోవలెను.

మీకు జలుబున్నచో వాకిటనుండియే పలుకరింపుడు. “కదలవద్దు” అనుటకు మారుగా “నేడు ఎన్నిమారులు సాధన చేసితిరి?” అని అడుగుడు. మా పినతండ్రిగారు ఇప్పుడు ఉదయము మునేటి గట్టున నడచుచున్నారు. సెలవు.