తప్పిపోతే ఎక్కడ కలుద్దాం?

పల్నాడులో పుట్టినవాళ్లకు పెద్ద నీళ్లంటే నాగార్జునసాగరే. మాచర్ల దాటి విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండకు వెళ్లి రావడమే మాలో చాలామందికి తెలిసిన నీటి ప్రయాణం. అక్కడ ఏ పక్కకు తిరిగినా కొండో ఒడ్డో కనిపిస్తుంది, సాయంత్రానికి ఇంటికి చేరతాం. ఆ నాగార్జునకొండ లోయలోనే దొరికిన ఇక్ష్వాకుల కాలం నాటి శాసనంలో సింహళ భిక్షువుల ప్రస్తావన ఉంది, ఘంటసాల పేరుంది. ఆ ఘంటసాలలోనే ఒక మహానావికుడి పేరు చెప్పే శాసనం కూడా దొరికింది. పదిహేడు వందల ఏళ్ల కిందట ఈ లోయ నుంచి సముద్రానికి రాకపోకలున్నాయన్నమాట. ఆ తర్వాత ఆ దారి ఎప్పుడు మూసుకుపోయిందో గానీ, మా తాతల నాటికి సముద్రమంటే కార్తీకమాసంలో సూర్యలంకలో ఒక మునక, అంతే.

ఇప్పుడా దారి కొత్తగా తెరుచుకుంటోంది. 2022 జూన్ 8న కార్డీలియా సంస్థ ఓడ ‘ఎంప్రెస్’ విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైల వైపు మొదటిసారి యాత్రికులతో బయల్దేరింది. 2023 సెప్టెంబరులో విశాఖలో సుమారు 96 కోట్ల రూపాయలతో కట్టిన క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. నరసరావుపేట, గురజాల ప్రాంతాల నుంచి కూడా పిల్లలు టికెట్లు తీసి పంపితే, రిటైరైన దంపతులు గుంటూరులో రైలెక్కి విశాఖ వెళ్తున్నారు. నేనూ మా ఆవిడా అలాగే వెళ్లాం. యాత్ర నాలుగు రోజులైనా, నెల రోజులైనా, మొదటి రోజు జరిగే పని ఒక్కటే కాబట్టి ఆ ఒక్క రోజు గురించే రాస్తున్నాను. ఆ రోజు ఏం జరుగుతుందో ముందే తెలిస్తే తక్కిన రోజులు నిశ్చింతగా గడుస్తాయి.

ముందు సామాను సంగతి. టెర్మినల్ గుమ్మంలోనే పెద్ద పెట్టెలు తీసుకుని, గది నంబరున్న చీటీ కడతారు. అవి మన గది ముందుకు చేరేసరికి సాయంత్రమవుతుంది, ఒక్కోసారి రాత్రవుతుంది. బీపీ, షుగర్ మాత్రలు పెట్టెలో పెట్టారా, అవి మధ్యాహ్నం వేళకు చేతికి రావు. మందులు, కళ్లద్దాలు, గుర్తింపు కార్డు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. ఇస్త్రీపెట్టె, నీళ్లు కాచే కెటిల్ లాంటివి చాలా ఓడల్లోకి రానివ్వరు. గోంగూర పచ్చడి సీసా సంగతి మీ ఓడ సంస్థ నిబంధనలు చదివి తేల్చుకోండి. గదిలో దీపం పెట్టడం, అగరుబత్తి వెలిగించడం మాత్రం ఎక్కడా కుదరదు. నడిసముద్రంలో నీళ్ల కంటే నిప్పుకే ఎక్కువ భయపడాలి. పారిపోవడానికి వీధి ఉండదు కదా! పూజ లేకుండా పచ్చి మంచినీళ్లు ముట్టని మా ఆవిడ ఆ మాట విని కాసేపు చిన్నబుచ్చుకుంది. తర్వాత కిటికీలోంచి సూర్యుడికి దండం పెట్టుకుంది.

లోపలికి వెళ్లేటప్పుడు ఇద్దరికీ చెరొక కార్డు ఇస్తారు. అదే గది తాళం, అదే గుర్తింపు, ఓడలో ఖర్చులు రాసుకునే ఖాతా కూడా అదే. మన ఇళ్లల్లో టికెట్లు, కార్డులు, ఫోను నంబర్లు అన్నీ మగవాడి జేబులోనే ఉంటాయి, ఆడమనిషి వెనక నడుస్తుంది. ఓడలో ఆ అలవాటును మొదటి గంటలోనే మానుకోవాలి. ఎవరి కార్డు వాళ్ల మెడలోనో సంచిలోనో ఉండాలి, గది నంబరు ఇద్దరికీ నోటికి రావాలి. ‘ఎంప్రెస్’ 1990లో ఫ్రాన్సులో కట్టిన ఓడ. పొడవు రెండు వందల మీటర్ల పైచిలుకు, అంతస్తులు పదకొండు. నడవాలన్నీ ఒకేలా ఉంటాయి, ఒకే రంగు తివాచీ, ఒకే రకం తలుపులు. గది నంబరులో మొదటి అంకె అంతస్తును చెబుతుంది. చాలా ఓడల్లో సరిసంఖ్యల గదులు ఒక పక్క, బేసివి ఇంకో పక్క ఉంటాయి. ఈ రెండు ముక్కలు తెలిస్తే చాలావరకు తప్పిపోరు. భోజనానికి వెళ్లే ముందు గది నుంచి మెట్లదాకా, మెట్ల నుంచి డెక్కు దాకా ఒకసారి ఇద్దరూ కలిసి నడవండి. తిరిగి వచ్చేటప్పుడు విడివిడిగా రండి. మేమలాగే చేశాం. నేను రెండుసార్లు దారి తప్పాను, ఆవిడ తప్పలేదు.

ఇక అసలు విషయానికొస్తాను. ఓడ కదలకముందు అందరినీ పిలిచి ఒక కసరత్తు చేయిస్తారు. దాన్ని మస్టర్ డ్రిల్ అంటారు. ఏడు చిన్న కూతలు, ఆ వెంటనే ఒక పెద్ద కూత వినిపిస్తే ప్రమాదమని గుర్తు. అప్పుడు ఎవరికి కేటాయించిన చోటికి, అంటే మస్టర్ స్టేషనుకు, వాళ్లు చేరాలి. ఆ చోటు గుర్తు మీ కార్డు మీదా, గది తలుపు లోపలి వైపునా రాసి ఉంటుంది. అక్కడ లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపిస్తారు. చాలామంది దీన్ని తంతుగా భావించి, ఫొటోలు తీసుకుంటూ నిలబడతారు. అలా నిలబడకండి.

ఈ కసరత్తు ఊరికే పుట్టలేదు. 1912లో టైటానిక్ మునిగాక, 1914లో కొన్ని దేశాలు కూర్చుని సముద్ర భద్రతకు ఒక ఒప్పందం రాసుకున్నాయి. అది మారుతూ మారుతూ వచ్చి, మన కాలానికి ఓడ ఎక్కిన ఇరవై నాలుగు గంటల్లోపు కసరత్తు చేయిస్తే చాలు అన్న చోట ఆగింది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాతికి కొట్టుకుంది. 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన వందల మందికి ఎటు పోవాలో ఎవరూ చెప్పనే లేదు, గడువు ఇంకా మిగిలే ఉంది మరి. ఆ తర్వాత రూలు మార్చారు. 2015 జనవరి 1 నుంచి ఓడ బయల్దేరే ముందు గానీ, బయల్దేరిన వెంటనే గానీ కసరత్తు జరిగి తీరాలి. మనకు ఇటలీ దాకా పోనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగిన రోజు తెలుగువాళ్లెవరూ మరిచిపోరు. జాకెట్ ఒంటి మీద ఉండటానికీ, పక్కన పడి ఉండటానికీ మధ్య ఎంత దూరముందో ఆ రోజు తెలిసింది.

భార్యాభర్తలకు ఇందులో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. కూత వినిపించినప్పుడు ఆయన డెక్కు మీద, ఆమె గదిలో ఉన్నారనుకోండి. ఆమెకోసం ఆయన కిందికి పరిగెడతాడు, ఆయనకోసం ఆమె పైకి పరిగెడుతుంది. ఇద్దరూ వేరువేరు మెట్ల మీద, ఎదురొచ్చే జనంలో ఇరుక్కుంటారు. ప్రేమ ఉన్నవాళ్లే ఈ తప్పు చేస్తారు, అందుకే ముందే మాట్లాడుకోవాలి. ఊరికో ఎత్తైన ప్రభ నిలిపే కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్లినప్పుడు మా అమ్మ చెప్పేది: “తప్పిపోతే మమ్మల్ని వెతుక్కుంటా తిరగమాక, మనూరి ప్రభ దగ్గరికొచ్చి నిలబడు.” శివరాత్రి నాడు ఆ జనంలో పిల్లలు దొరికేది ఆ ఒక్క మాట వల్లే. ఓడలో మస్టర్ స్టేషనే మన ఊరి ప్రభ. కసరత్తు అయ్యాక గదికొచ్చి మా ఆవిడతో అన్నాను, “నువ్వు నాకోసం రావద్దు, నేను నీకోసం రాను. ఇద్దరం అక్కడికే పోదాం.” అనడానికి నోరు రాలేదు. నలభై ఏళ్లు కలిసి బతికిన మనిషితో నీకోసం రానని చెప్పడం తేలిక కాదు. ఆవిడ కాసేపు ఆలోచించి, “అట్టాగే, లిఫ్టు ఎక్కమాకండి, మెట్ల మీదే రండి” అంది. లిఫ్టు వాడకూడదన్నది కసరత్తులో చెప్పిన మాటే. నేను మరిచిపోయాను, ఆవిడ మరవలేదు.

ఆ పని అయ్యాక పై డెక్కుకు వెళ్లండి, ఓడ రేవు దాటడం చూడదగ్గ దృశ్యం. ఎంత అనుభవమున్న కెప్టెనైనా రేవులో సొంతంగా నడపడు. ఆ రేవు లోతుపాతులు తెలిసిన స్థానిక పైలట్ వచ్చి పక్కన నిలబడతాడు. ఆయన ఓడలో ఉన్నాడనడానికి తెలుపు, ఎరుపు సగం సగం ఉన్న జెండా ఎగురుతుంది. టగ్గులు ఓడను మెల్లగా పక్కకు లాగుతాయి. కుడిచేతి వైపు డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంటుంది. 1933 డిసెంబరులో ప్రారంభమైన ఈ రేవు కట్టేటప్పుడు, అలలకు అడ్డుగా ‘జానస్’, ‘వెలెడ్‌సన్’ అనే రెండు పాత ఓడలను తెచ్చి కావాలనే ముంచారు. రేవు దాటాక ఒక చిన్న పడవ వచ్చి మన ఓడ పక్కన అంటుకుని పరుగెడుతుంది. పైలట్ తాడునిచ్చెన పట్టుకుని దిగి, అల పైకి లేచిన క్షణం చూసుకుని అందులోకి అడుగేస్తాడు. జనమంతా ఆ సమయానికి టీ, పకోడీల దగ్గర ఉన్నారు. రెయిలింగు దగ్గర మేమిద్దరమూ, ఇంకో నలుగురూ ఉన్నాం.

నడిసముద్రంలోకి వెళ్లాక ఒంటికి పరీక్ష మొదలవుతుంది. లోపలి చెవిలో ఉన్న ద్రవం ఊగుతూ ‘కదులుతున్నాం’ అని మెదడుకు చెబుతుంది. గదిలోని గోడలను చూస్తున్న కన్ను ‘కదలడం లేదు’ అంటుంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగకపోతే వికారం పుడుతుంది. కాబట్టి మంచం మీద పడుకుని ఫోను చూడటం కంటే, డెక్కు మీదికి వెళ్లి సముద్రమూ ఆకాశమూ కలిసే గీతను చూడటం మేలు. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ, గది తీసుకునేటప్పుడే అది అడగాలి. నైరుతి రుతుపవనాల నెలల్లో బంగాళాఖాతం నెమ్మదిగా ఉండదని కూడా గుర్తుంచుకోండి. మాత్ర వికారం మొదలయ్యాక కాదు, ముందే వేసుకోవాలి. గ్లాకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లకు వాటిలో కొన్ని పడవు, ఇంటి దగ్గరే డాక్టర్ని అడిగి తెచ్చుకోవాలి. మొదటి రాత్రి బఫేలో ఉన్నవన్నీ రుచి చూడాలనిపిస్తుంది. పెరుగన్నంతో సరిపెట్టుకుంటే నిద్ర పడుతుంది.

ఫోను సంగతి ఒక్క ముక్క. తీరం దూరమయ్యాక మన సిగ్నల్ పోయి, ఓడలోని ఉపగ్రహ నెట్‌వర్కు తగులుకుంటుంది. దాని బిల్లు వేలల్లో రావచ్చు. రేవు దాటగానే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, రెండు రోజులు ఫోను రాదని పిల్లలకు ముందే చెప్పండి.

అర్ధరాత్రి దాటాక ఓడ కొంచెం గట్టిగానే ఊగింది. బల్ల మీద గ్లాసు జరిగిన చప్పుడుకు మెలకువ వచ్చింది. ఎక్కడున్నానో ఒక క్షణం తెలియలేదు. కార్డు కోసం చీకట్లో తడుముకుంటూ, “మన స్టేషను ఏదే?” అన్నాను. ఆవిడ కళ్లు తెరవకుండానే, “సి. బయటికి రాగానే ఎడమపక్క మెట్లు. పడుకోండి” అంది.